పోనిచ్చిన గోల్

హాకీ స్టేడియంలో ఆమెను అందరూ మైకు అని పిలుస్తారు. పేరుకే గానీ ఆమెకు మైకుతో ఏనాడూ పని పడలేదు. తూర్పు వైపు స్టాండులో పై వరసన కూచుని ఒక్క కేక వేసిందంటే, అవతలి గోల్ దగ్గరున్న అంపైరు కూడా తలెత్తి చూడాల్సిందే. ఆమె పనిచేసేది హోటళ్ల దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలో. అక్కడి యంత్రాల హోరులో పక్కమనిషిని చెంబుడు నీళ్లడగాలన్నా అరవాలి. అలా ఏళ్ల తరబడి అరిచీ అరిచీ గొంతు రాటుదేలింది. "మా ఆవిడ చెవిలో రహస్యం చెబితే వీధి చివర వినపడుద్ది" అని భర్త నవ్వేవాడు. ఆయనది స్కూలు బస్సు నడిపే ఉద్యోగం. పొద్దంతా పిల్లల గోల, ఇంటికొస్తే ఈవిడ గోల. ఆ మనిషికి నిశ్శబ్దం అంటే ఏమిటో నిద్రలోనే తెలిసేది.

ఊరి జట్టంటే ఆమెకు పెళ్లికి ముందునుంచీ ప్రాణం. జట్టు మాత్రం ఆమె పెళ్లయిన నాటినుంచి ఒక్క కప్పు తెచ్చిన పాపాన పోలేదు. "నేను అత్తారింట్లో కాలు పెట్టాను, వీళ్లు కప్పుల మీంచి కాలు తీశారు" అని తనమీద తనే వేసుకునేది.

ఆ జట్టుకి గోల్‌కీపరు ఆమె మేనల్లుడే. అన్నయ్యకు ఓడల మీద ఉద్యోగం, వదిన వాడి పసితనంలోనే పోయింది. పిల్లలు లేని మేనత్త దగ్గరే వాడు పెరిగాడు. ఇప్పుడు గుమ్మం దాటాలంటే తల వంచాల్సినంత ఎత్తు ఎదిగినా ఇంట్లో వాడు చిన్నోడే. వాడి మొట్టమొదటి ప్యాడ్లు ఆమే కుట్టింది. లాండ్రీలో పారేసిన చిరుగు కంబళ్లు తెచ్చి, మడత మీద మడత పెట్టి, సూది విరిగితే ఇంకో సూదితో కుట్టింది. సాయంత్రాలు పెరటి గోడకు వాణ్ని నిలబెట్టి బంతులు విసిరేది. బంతి గోడకు తగిలితే పక్కింటివాళ్లు తిట్టేవారు. అంచేత వాడు ఒక్క బంతీ వదలకుండా ఆపడం నేర్చుకున్నాడు.

ఆ ఏడాది సీజను ఏడుపుతో మొదలైంది. వరసగా నాలుగు ఓటములు. లాండ్రీలో తోటివాళ్లు దుప్పట్లు మడతపెడుతూ "మీవాళ్లకి గోల్ ఎటుందో ఎవరైనా చూపించండమ్మా" అని ఎత్తిపొడిచేవారు. ఆమె ఒక్కరికీ జవాబు బాకీ ఉంచలేదు. తర్వాత కొత్త కోచ్ వచ్చాడు. జట్టు మెల్లమెల్లగా కాళ్లూనుకుంది. గెలుపు మీద గెలుపు వచ్చి, ఆఖరి లీగు మ్యాచ్ ఇంకా ఉండగానే సెమీఫైనల్లో చోటు ఖాయమైంది.

ఆఖరి మ్యాచ్ నాడు జల్లు పడుతోంది. స్టాండు సగం ఖాళీ. ఎలాగూ సెమీస్‌కి చేరిపోయారు గదా అని చాలామంది ఇంట్లోనే ఉండిపోయారు. మైకు మాత్రం గొడుగు పట్టుకుని తన చోట్లో కూచుంది. చాలాసేపు ఎవరికీ గోల్ లేదు. ఆట అయిపోవస్తుందనగా అవతలివాడు కొట్టిన బంతి ఒకటి, బద్ధకంగా, దారి తెలీనట్టు దొర్లుకుంటూ వచ్చి, చిన్నోడి కాళ్లమధ్య నుంచి వెళ్లి గోల్ వెనక చెక్క పలకకు తగిలి టప్పుమంది.

ఓ క్షణం ఎవరూ నమ్మలేదు. అంతలో రెండు వరసల కింద తాళాలు బాగుచేసే ఆయన లేచి నిలబడ్డాడు. "అమ్ముడుపోయావురా! మా ముసల్ది కర్ర అడ్డం పెట్టినా ఆగేది ఆ బంతి!"

మైకు గొడుగు మడిచి రెండు వరసలు దిగిపోయింది. "ఎవడ్రా అమ్ముడుపోయింది? నా చేతి అన్నం తిని పెరిగిన పిల్లాడు వాడు. మాట వెనక్కి తీసుకో!"

"తీసుకోను. చూసిందే చెప్పా."

మడిచిన గొడుగు ఎప్పుడు లేచిందో ఆమెకే తెలీదు. తాళాలాయన కళ్లజోడు ఎగిరి మెట్ల మీద పడి పగిలింది. కనుబొమ్మ మీద రక్తం. కాపలావాళ్లు ఇద్దరు వచ్చి ఆమె రెక్క పట్టుకుని బయటికి నడిపించారు. ఆ స్టాండులో ఆమె కేకలకి చప్పట్లు కొట్టేవాళ్లు అంతా తలలు తిప్పి చూశారు.

మర్నాడు క్లబ్బు ఆఫీసుకు పిలిచారు. మేనేజరు, పక్కన కోచ్. "వాడు ప్రాణం పెట్టి ఆడతాడు సార్. నేల తడిగా ఉంది, జారాడు. దానికి వాణ్ని అమ్ముడుపోయాడంటే నేనెలా ఊరుకుంటాను? కావాలంటే ఆయనకి కళ్లజోడు నేనే చేయిస్తా" అంది. కోచ్ ఫోన్లోంచి తల ఎత్తలేదు. ఈ సీజను ముగిసేదాకా స్టేడియంలో అడుగు పెట్టకూడదని మేనేజరు తేల్చాడు. అంటే సెమీసూ లేదు, ఫైనలూ లేదు.

ఇంటికొచ్చేసరికి చిన్నోడు బల్ల దగ్గర కంచం ముందు ఊరికే కూచుని ఉన్నాడు. ఓటమి దిగులనుకుంది. పక్కన కూచుని వీపు నిమిరింది.

"జారిందా నాన్నా?"

"ఊఁ" అన్నాడు వాడు. కంచం వైపే చూస్తూ, "నువ్వలా చెయ్యాల్సింది కాదత్తా" అన్నాడు.

"నీకోసం ఒక కళ్లజోడు పగలగొట్టా. అవసరమైతే బజారంతా పగలగొడతా. తిను ముందు."

వాడు తిన్నాడు. తలెత్తకుండా తిన్నాడు. తనమీది ప్రేమకొద్దీ నొచ్చుకుంటున్నాడని ఆమె మురిసిపోయింది.

సెమీస్‌లో మిల్లు జట్టును ఓడించారు. ఫైనల్ నాడు భర్త ఖాళీ స్కూలు బస్సును స్టేడియం గోడ పక్కన ఆపాడు. పిల్లలు కూచునే చిన్న సీట్లలో మోకాళ్లు ముడుచుకుని ఇద్దరూ రేడియో విన్నారు. ముందు గోడ అవతలినుంచి హోరు వచ్చేది, ఆ తర్వాతే రేడియో సంగతి చెప్పేది. ఆ మధ్య కాస్త వ్యవధిలో ఆమె రేడియో సౌండు పెంచేది. ఆట సమమై షూటౌట్ దాకా వెళ్లింది. చిన్నోడు మూడు ఆపాడు. హోరు గోడ దాటి బస్సు అద్దాలను ఊపింది. ఆమె భర్త మెడ పట్టుకుని ఏడ్చింది. లోపలికి వెళ్లలేకపోయానన్న బాధ కూడా ఆ ఏడుపులో ఉంది గానీ, అప్పుడు దాన్ని పట్టించుకోలేదు. ఆఖరి లీగు మ్యాచ్‌లో ఎవరి చేతిలో ఓడారో వాళ్లనే ఫైనల్లో ఓడించారు. పగ తీరిందని ఊరంతా అంది. అందరికంటే గట్టిగా ఆమే అంది.

ఆ వారం చిన్నోడు కప్పునీ, జట్టులో నలుగురినీ ఇంటికి భోజనానికి తెచ్చాడు. ఆమె కొసరి కొసరి వడ్డించింది. కప్పులో తన మొహం వంకరటింకరగా కనిపిస్తే చిన్నపిల్లలా నవ్వింది. కడుపు నిండిన కెప్టెన్ కుర్చీ వెనక్కి వాల్చి అన్నాడు:

"అసలు కప్పు ఎక్కడ గెలిచామో తెలుసా ఆంటీ? ఆ వాన మ్యాచ్‌లో. అది గెలిస్తే సెమీస్‌లో రేవు జట్టు తగిలేది. ఈ ఏడాదే మమ్మల్ని రెండుసార్లు ఉతికి ఆరేశారు వాళ్లు. ఓడితే మిల్లు జట్టు. వాళ్లలో ఇద్దరికి దెబ్బలు. అందుకే కోచ్ ముందే చెప్పాడు, అవతలివాళ్లు గోల్ కొట్టేదాకా మీరు కొట్టకండి అని. వాళ్లకేమో కొట్టడం చేతకాదు! చివరికి మనవాడే దారివ్వాల్సొచ్చింది. ఎంత బాగా నటించాడో!"

నలుగురూ పగలబడి నవ్వారు. భర్త కూడా సగం నవ్వి, భార్య మొహం చూసి ఆపేశాడు. ఆమె చేతిలో గరిటె గిన్నె మీద అలాగే ఉండిపోయింది. చిన్నోడు నీళ్లగ్లాసు ఎత్తి తాగుతున్నాడు. గ్లాసులో నీళ్లయిపోయినా దించలేదు.

అందరినీ సాగనంపాక వంటగదిలో ఆమె గిన్నెలు కడుగుతుంటే వాడు గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు.

"కోచ్ చెప్పాడత్తా. కాదంటే నన్ను పక్కన కూచోబెట్టేవాడు."

"నువ్వు ఓడిపోయినందుకు అడగట్లేదురా నేను."

"గెలిచాం గదా మరి. నీకు కావలసింది అదే గదా ఇన్నేళ్లూ?"

ఆమె కుళాయి కట్టేసింది. "ఆ రాత్రి నీ వీపు నిమిరాను. జారిందా అని అడిగాను. ఊఁ అన్నావు."

"నీకు చెబితే ఊరంతా తెలుస్తుంది. నీ గొంతు సంగతి నీకు తెలీదా?"

అది నిజమే. నిజం కాబట్టే చెంపదెబ్బలా తగిలింది. "నన్ను గెంటేశార్రా. ఫైనల్ ఆటని గోడ బయట కూచుని విన్నాను. నువ్వు ఒక్క మాట కోచ్‌తో అంటే..."

"అంటే అందరికీ తెలిసిపోయేది" అన్నాడు వాడు, చిన్నగా.

ఆమెకు కోచ్ మీద అంత కోపం రాలేదు. ఆయన ఎవరో, ఎక్కడినుంచి వచ్చాడో. ఆ ఆఫీసు గదిలో తను "వాడు ప్రాణం పెట్టి ఆడతాడు" అంటుంటే ఆయన లోలోపల ఎంత నవ్వుకున్నాడో అనిపించి మాత్రం చెవులు కాలిపోయాయి. కోపమంతా ఆ ఒక్క "ఊఁ" మీద. వాడి నోటినుంచి అంతకంటే చిన్న మాట రాదు, అంతకంటే పెద్ద అబద్ధమూ రాదు.

మర్నాడు లాండ్రీ నుంచి తిన్నగా తాళాలాయన కొట్టుకి వెళ్లింది. ఆమెను చూసి ఆయన బల్ల వెనక్కి ఒకడుగు వేశాడు. కొత్త కళ్లజోడు పెట్టుకున్నాడు. కనుబొమ్మ మీద మచ్చ పడింది.

"గొడుగు తేలేదులెండి" అంది ఆమె. "మీరన్నదే నిజం. వాడు కావాలనే వదిలాడు. నన్ను క్షమించండి."

తాళాలాయన నోరు తెరిచి ఆమెను చూశాడు. తర్వాత మొహమంతా నవ్వయింది. "నిజంగానా? కావాలనే? అబ్బ, ఏం బుర్రండీ ఆ కోచ్‌ది! నేనేమో పిల్లాణ్ని ఊరికే తిట్టాను. నా తరఫున మీరే వాడికి సారీ చెప్పండి."

దెబ్బ తిన్న మనిషి ఆయన. ఆయనకే నొప్పి లేదు. లాండ్రీలోనూ అంతే. "పోనిద్దూ, కప్పు వచ్చిందిగా" అన్నారు. అన్నయ్య ఓడలోంచి ఫోన్ చేసి "మనోడు గట్టివాడే" అన్నాడు. ఊరంతా ఒకవైపు, తనొక్కతీ ఒకవైపు. తనకే బుద్ధి లేదేమో అని కూడా ఒకటి రెండుసార్లు అనుకుంది. ఒక రాత్రి భర్తనే అడిగింది, "మీరూ నవ్వారు ఆ రోజు" అని. "నవ్వాను" అని ఒప్పుకున్నాడాయన. "నీ మొహం చూశాక తెలిసింది, నవ్వాల్సింది కాదని."

కొత్త సీజను వచ్చింది. నిషేధం తీరిపోయింది. చిన్నోడు పాసు తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆమె వెళ్లింది, వెళ్లకుండా ఉండటం ఆమెకు చేతకాలేదు. తన చోట్లోనే కూచుంది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లతో పలకరించారు. ఆట మొదలైన కాసేపటికే అవతలి జట్టుకి పెనాల్టీ కార్నర్. బంతి బాణంలా వచ్చి చిన్నోడి భుజం పక్కనుంచి లోపలికి దూసుకుపోయింది.

"అది ఎవడి తరమూ కాదు" అన్నారు వెనకవాళ్లు.

ఆమె భర్త వైపు వంగింది. "నిజంగానే ఆపలేని బంతేనంటారా?"

ఆయన భార్య చెయ్యి పట్టుకున్నాడు. తర్వాత జట్టు మూడు గోల్స్ వేసి గెలిచింది. చుట్టూ అందరూ గెంతారు. ఆమె చప్పట్లు కొట్టింది.

రాత్రి భోజనాల దగ్గర చిన్నోడు అడిగాడు, "ఎలా ఆడానత్తా?"

"బాగానే ఆడావు" అంది ఆమె, ఎవరింటి పిల్లాడికో చెప్పినట్టు.

వాడికి అర్థమైంది. ఆమె వాడి కంచంలో ఇంకాస్త కూర వేసింది, ఎప్పుడూ వేసేంతే.