మలారం మోసే రోజు వేసుకోని గోళీ

చర్ల చుట్టుపక్కల గాజుల షహజాదిని ఎరగని ఆడవాళ్లు లేరు. అరవై ఏడేళ్ల మనిషి. నలభై ఏళ్లుగా గాజుల మలారం భుజాన వేసుకుని అడవి పల్లెలు తిరుగుతోంది. ఆటో పోయినంత దూరం ఆటోలో, ఆ పైన నడక. ఎవరి అరుగు మీదో మలారం దించిందంటే చుట్టూ ఆడవాళ్లు మూగుతారు. ఆమె ఎవరినీ సైజు అడగదు. చేతిని ఒళ్లోకి తీసుకుని, కణుపులు నొక్కి, అది పొద్దంతా కలుపు తీసి వచ్చిన చెయ్యా, కాన్పయి నీరెక్కిన చెయ్యా అని చూసుకుని అప్పుడు గాజు ఎక్కిస్తుంది. తొడిగేటప్పుడు పగిలిన గాజు తొడిగే మనిషి నష్టమే. వాళ్ల అత్తగారి కాలం నుంచీ అదే కట్టుబాటు.

ఈమెకు షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పి. మూడు రోగాలకు ముగ్గురు డాక్టర్లు. షుగరు డాక్టరు రోజూ నడవమన్నాడు. మోకాళ్ల డాక్టరు నడక తగ్గించమన్నాడు. ఇద్దరిలో ఎవరి మాట వినాలని భద్రాచలంలో బీపీ చూసే మూడో ఆయనను అడిగితే, "అది వాళ్లనే అడగాలమ్మా" అన్నాడు. ముగ్గురి దగ్గరా ఫోన్లున్నాయి. ఒకరితో ఒకరు ఒక్క మాట మాట్లాడుకుంటే వీళ్ల సొమ్మేం పోయేదో నాకైతే అర్థం కాదు.

బీపీ డాక్టరు రాసిన వాటిలో ఒకటి ఒంట్లో నీరు లాగే గోళీ. పొద్దున్నే వేసుకోవాలి. వేసుకుంటే మధ్యాహ్నం దాకా మాటిమాటికీ ఒంటికి పోవాలి. మలారంతో బయల్దేరిన ఆడమనిషి ఎక్కడికి పోతుంది? ఆటో నిండా మగవాళ్లు. పోలీసు క్యాంపు దగ్గర అందరినీ దించి సంచులు వెతుకుతుంటే కదలకుండా నిలబడాలి. అందుకని మలారం మోసే రోజు షహజాది ఆ గోళీ మానేసేది. వారానికి ఐదు రోజులు మలారం మోసే రోజులే.

"గోళీలు సరిగ్గా వేసుకుంటున్నావామ్మా?" అని అడిగేవాడు డాక్టరు.

"అవ్ సార్" అనేది.

ఇంకేం అంటుంది? వెనక పాతికమంది నిలబడి ఉంటే, ఒంటికి పోయే సంగతి మగ మనిషి ముందు ఎలా ఎత్తుతుంది? ఆయన మిషన్లో అంకె చూసి మందు పెంచేవాడు. మూడు నెలలకు మళ్లీ పెంచేవాడు. రెండేళ్లు తిరిగేసరికి ఆ ఒక్క గోళీ రెండైంది, పక్కన ఇంకో రకమూ వచ్చి చేరింది. ఇంటి దగ్గరుండి అన్నీ వేసుకున్న రోజుల్లో ఆమెకు కాస్త తూలినట్టుండేది. వయసు మీద పడుతోందిలే అనుకుంది.

ఈ వానాకాలం వాగులు పొంగి దారులు తెగాయి. పన్నెండు రోజులు షహజాది గడప దాటలేదు. ఇంట్లోనే ఉన్నాను గదా, ఇప్పుడైనా డాక్టరు మాట విందామని ఒక్క గోళీ వదలకుండా రోజూ వేసుకుంది. కోడలు షబ్రీన్ సంతోషించింది కూడా. పన్నెండో రోజు పొద్దున మంచం మీంచి లేస్తూనే కళ్లు తిరిగి గడప మీద పడింది. కుడి మణికట్టు విరిగింది. గాజులు తొడిగే చెయ్యి అది. ఊళ్లో కట్టు కట్టినవాళ్లు వేళ్లు బిగుసుకుపోవచ్చన్నారు. మళ్లీ మలారం ఎత్తగలనా అన్న దిగులుతో ఆమెకు ముద్ద దిగలేదు.

వాగు కాస్త తగ్గగానే, ఊళ్లోకి వచ్చే నర్సు మంగ్లి చూడ్డానికి వచ్చింది. నేల మీద కూర్చుని సంచిలోని గోళీలన్నీ చాప మీద గుమ్మరించింది.

"పెద్దమ్మా, పొద్దుగాల లేచిన కాడికెల్లి పండుకునే దాక నువ్వేం జేస్తవో చెప్పు" అంది.

షహజాది ఆటో గురించి, క్యాంపు గురించి, నడక గురించి చెప్పింది. చెబుతూ చెబుతూ ఆ గోళీ సంగతీ చెప్పేసింది.

మంగ్లి నిట్టూర్చింది. "నువ్వు ఏస్కోక బీపీ దిగకుంటె, గోళీ పన్జేస్తలేదని ఇగ పెంచుకుంట పోయిండ్రా? పెంచినయన్నీ రోజూ ఏస్కుంటె కండ్లు తిరగవా? దీన్ని నువ్వు ఇంటికొచ్చి మలారం దించినంక ఏస్కునేటట్టు రాయిద్దాం. నేను గూడ వస్త పా."

రెండేళ్లుగా ఎవరికీ పట్టని సంగతి పావుగంటలో తేలింది. మనిషి రోజు ఎలా గడుస్తుందని అడిగితే చాలు. ఆ మాత్రం అడగడానికి ఏ పెద్ద చదువు కావాలి?

దారులు తెరుచుకున్నాక ఇద్దరూ భద్రాచలం వెళ్లారు. డాక్టరు మంగ్లి చెప్పింది విన్నాడు, మందు తగ్గించాడు, వేళ మార్చాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది.

"రెండేళ్లు దాచిపెడతావా? మీతో ఇదే గోల. చెయ్యి విరగ్గొట్టుకున్నది నీ తప్పే" అన్నాడు.

షహజాది కట్టున్న చేతిని ఎడం చేత్తో పట్టుకుని లేచింది.

"సార్, నలభై ఏండ్లాయె నేను గాజులు తొడగవట్టి. చెయ్యి జూడకుండ ఎక్కిస్తె గాజు పలుగుతది. నా తాన గూడ పలిగినయి. నీ చెయ్యే మంచిగ లేదని ఒక్క ఆడబిడ్డను గూడ నేను తిట్టలే."

డాక్టరు బెల్లు నొక్కాడు. ఒక ముసలాయన కర్ర పట్టుకుని లోపలికి వచ్చాడు. వీళ్లు తలుపు దాటుతుండగా వెనక నుంచి వినపడింది.

"గోళీలు సరిగ్గా వేసుకుంటున్నావా?"

"అవ్ సార్."