మెత్తటి బద్ద

నా చిన్నప్పుడు మా తాతయ్య రెండు కావిడి బద్దలు నా ముందు పెట్టి, నీకు నచ్చింది తీసుకో అన్నాడు. మొన్న మా మనవరాలు రెండు జతల స్కీలు ఫోనులో చూపించి, అమ్మమ్మా, ఏది తీసుకోమంటావు అని అడిగింది. స్కీలంటే మంచు మీద జారడానికి కాళ్లకు తగిలించుకునే పొడుగాటి బద్దలు. నేను పుట్టింది, పెరిగింది, ముసలిదాన్నయింది ఈ రంగూన్‌లోనే. మంచు అంటే నాకు చెరకురసంలో వేసే ముక్క. అయినా దాని ప్రశ్నకు జవాబు నా దగ్గర ఉంది. తాతయ్య ఇచ్చి వెళ్లిన జవాబు అది. అందుకని ముందు ఆయన సంగతి చెప్పాలి.

తాతయ్య మా అమ్మకు నాన్న. మేమంతా రంగూన్‌లోని తామ్వే పేటలో ఒక రేకుల ఇంట్లో ఉండేవాళ్లం. ఆయన పడవెక్కి ట్వంటే అనే ఊరికి వెళ్లి, అక్కడ కుండలు కాల్చే కుమ్మరి ఆవాల దగ్గర మంచినీళ్ల కుండలు తెచ్చి, కావిడి మీద వీధివీధికీ తిప్పి అమ్మేవాడు. వెదురు బద్ద భుజం మీద, దాని రెండు కొసలకూ వేలాడే తాళ్ల చిక్కాలలో కుండలు. ఆయన నడక వస్తుంటే బద్ద కిర్రు కిర్రుమనేది. ఆ చప్పుడు వినే మా వీధి ఆడవాళ్లు తలుపులు తీసేవారు.

నాకు పసితనంలో ఒక జ్వరం వచ్చింది. పోతూ పోతూ ఎడమ కాలిని పట్టేసి పోయింది. ఆ మడమ నేలకు ఆనదు. మునివేళ్ల మీద అడుగు వేస్తే ఒళ్లంతా ఒక పక్కకు ఒరిగి లేస్తుంది. ఇప్పటికీ అంతే. వీధి పిల్లలు నాకు ఒంటెద్దు బండి అని పేరు పెట్టారు. బడికి పంపలేదు. అమ్మ చెడ్డది కాదు, కష్టంలో ఉన్న మనిషి. నన్ను దూరాన ఇన్సేన్‌లో ఉండే పిన్ని ఇంటికి పంపేయాలని నిశ్చయించుకుంది. అక్కడ పిన్ని పసిపిల్లల్ని చూసుకుంటూ కూర్చుంటే సరిపోతుంది, నడిచే పని ఉండదు. నాకేమో తాతయ్యను విడిచి వెళ్లడం ఇష్టం లేదు. రాత్రీ పగలూ ఏడ్చాను.

తాతయ్యే బేరం పెట్టాడు. ఒక్కసారి పిల్లను ట్వంటే తీసుకెళ్తాను, దాని కావిడి అది మోసుకొస్తుంది, కుండలు క్షేమంగా ఇల్లు చేరితే ఇక నాతోనే తిరుగుతుంది అన్నాడు.

"ఏటి నాయినా, మతుండే అంటన్నావా?" అంది అమ్మ. "కుండలకి కుండలూ పోతాయి, పిల్లకి పిల్లా పడతాది."

"పడితే లెగుస్తాది. నువ్వు లెగలేదేటి?" అన్నాడు తాతయ్య.

ఆ వానాకాలమంతా ఆయన గుమ్మంలో కూర్చుని ఒక వెదురు బద్దను చెక్కుతూనే ఉన్నాడు. కత్తితో చెక్కి, గాజు పెంకుతో గీకి, వంచి చూసి, మళ్లీ గీకేవాడు. కావిడి బద్ద అలా సన్నం చేయడం ఎవరూ చూడలేదు. దారిన పోయేవాళ్లు నవ్వేవారు.

"ఏటి తాతా, కావిడా ఉయ్యాలా?"

"ముసిలి బుజం నాయినా, గట్టిది ఒరిసిపోతంది. మెత్తగుండాల," అనేవాడాయన.

నేనూ అదే నమ్మాను. కాబట్టి ట్వంటేలో ఆవం దగ్గర రెండు బద్దలూ నా ముందు పెట్టినప్పుడు ఆలోచించనే లేదు. ఒకటి ఆ గీకిన బద్ద, పొట్టిది, పట్టుకుంటే జావలా ఊగేది. రెండోది ఆయన ఎప్పుడూ మోసే పెద్ద బద్ద. నున్నగా, గట్టిగా, కొసలకు ఎర్ర రంగు వేసి ఉండేది. పెద్దదే పట్టుకున్నాను. ఒంటెద్దు బండి ఎర్ర కొసల బద్దతో తామ్వేలో దిగితే ఎలా ఉంటుందో అప్పటికే నా కళ్లకు కనబడుతోంది. తాతయ్య దాని కొసలకే చిక్కాలు తగిలించాడు. చెరో పక్కా రెండేసి చిన్న కుండలు కట్టి నా భుజానికి ఎత్తాడు.

ఆవం నుంచి పడవ ఆగే కాలువ గట్టుకు వక్కతోటలోంచి దారి. చెట్లు ఎంత దగ్గరంటే, చేతులు చాపితే రెండు పక్కలా తగిలేవి. రాత్రి వాన కురిసి, పొద్దున ఎండ కాసి, నేల పైన మెత్తబడి కింద జారుతోంది. నేను ఒరిగినప్పుడల్లా ఆ గట్టి బద్ద నా కుంటి నడకను ఉన్నదున్నట్టు కొసలకు మోసుకుపోయింది. కుండకు కుండ తగిలి టక్కుమంది. తోవ వంపు తిరిగే చోట ముందు కొస ఒక వక్కమానుకు కొట్టుకుంది. వెనక కొస గిర్రున తిరిగింది. నేను బురదలో కూర్చున్నాను. ఒక కుండ పగిలింది.

ఇన్సేన్ నా కళ్ల ముందు కనబడింది. పిన్ని ఇంటి ఉయ్యాల కూడా కనబడింది. గుక్కపట్టి ఏడ్చాను.

ఆవం యజమానురాలు, బర్మా పెద్దావిడ, చప్పుడు విని వచ్చింది. అందరూ ఆవిడను డో డో అని పిలిచేవారు, అత్తా అన్నట్టు. "తమీ, తమీ" అంటూ, కూతురిని పిలిచినట్టు పిలిచి, తన లుంగీ చెంగుతో నా మొహం తుడిచింది. తరువాత ఆవంలోకి వెళ్లి మూతి కొంచెం వంకరపోయిన కుండ ఒకటి తెచ్చి చిక్కంలో పెట్టింది. అప్పుడు తాతయ్య గట్టి బద్ద తాను తీసుకుని, వెంట తెచ్చిన మెత్తటి బద్ద నా భుజం మీద పెట్టాడు. అది నా కోసం కొలిచినట్టు ఉంది.

"ఇప్పుడు ఇను అమ్మీ. మోకాలు కొంచెం వొంచు. బద్ద పైకి లెగుస్తాది సూడు, అప్పుడు అడుగెయ్యి. దిగినప్పుడు ఎయ్యకు. నువ్వు ఒరిగితే ఒరుగు, అది మింగేస్తాది."

"మరి నా మడమో తాతా? ఆనదు కదా."

"కావిడోడికి మడమతో పనేటి? మడమ ఆన్చితే కుండ అదురుతాది. నీది దేవుడు ముందే లేపి ఉంచాడు."

నేను లేచాను. బద్ద వంగి లేచింది, నేను అడుగు వేశాను. నా కుదుపు భుజం దాకా వచ్చి వెదురులో ఎక్కడో కరిగిపోయింది. కుండలు పలకలేదు. చెట్టు దగ్గరకు వచ్చినప్పుడు చేత్తో చిన్నగా నొక్కితే చాలు, కొస వంగి తప్పుకుంది. వేగంగా పోలేను, పెద్ద బరువు మోయలేను. కానీ ఆ బురదలో, ఆ చెట్ల మధ్యన నాకంటే బాగా ఎవరూ నడవలేరనిపించింది. వెనకాల తాతయ్య పెద్ద బద్ద మీద పెద్ద కుండలతో వస్తున్నాడు. భుజం ఒరిసిపోతోందన్న మాట ఆ రోజే కాదు, ఆ తరువాత కూడా ఆయన నోట మళ్లీ రాలేదు. అప్పటికి కాని నాకు అర్థం కాలేదు, వానాకాలమంతా ఆయన గీకింది ఎవరి భుజం కోసమో.

ఇంటికి వచ్చాక అమ్మ కుండలు ఒక్కొక్కటీ వేలితో కొట్టి చూసింది. అన్నీ కంగుమన్నాయి. వంకర మూతి కుండ దగ్గర ఆగింది.

"ఇదేటి నాయినా, మూతి ఇలగుంది?"

"నీల్లకి మూతితో పనేటి?" అన్నాడు తాతయ్య.

అమ్మ ఆయన వంకా నా వంకా చూసి నవ్వింది. తరువాత చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆ కుండ అమ్మకానికి పోలేదు, మా ఇంట్లోనే నీళ్లు పోసి పెట్టుకున్నాం. అమ్మ ఇన్సేన్ మాట మళ్లీ ఎత్తలేదు. తాతయ్య పోయేదాకా నేను ఆయన ముందు నడిచాను, పోయిన తరువాత ఒంటరిగా నడిచాను. కుండల సంపాదన మీదే పెళ్లి చేసుకున్నాను, పిల్లను పెంచాను. అక్షరాలు మాత్రం మనవరాలి పలక మీద, అది దిద్దుతుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నాను.

ఆ మనవరాలే ఇప్పుడు జపానులో, మంచు కురిసే ఊళ్లో ఒక హోటల్లో పని చేస్తోంది. సెలవు రోజున స్కీల మీద జారడం నేర్చింది. అది జారే పద్ధతిని టెలిమార్క్ అంటారట.

"అమ్మమ్మా, ఫ్రెండ్సందరూ గట్టిదే తీసుకో, స్పీడ్ వస్తాది అంటన్నారు. ఇంకోటి మెత్తగా వంగిపోతంది. ఏటి సెయ్యను?"

"ఎక్కడ జారతావు? నేల ఎలగుంటాది?"

"ఇప్పుడు ఎండలొచ్చాయి కదా. మద్యాన్నానికి మంచు సగ్గుబియ్యం జావలా అయిపోతంది. నాకు సెట్ల మద్యలోకి ఎల్లాలనుంది. అక్కడ బాగా ఇరుకు."

"అయితే మెత్తదే తీసుకో. గట్టిది గట్టి నేలకి, దౌడు తీసేవోల్లకి. నేల మెత్తనైనకాడ, సెట్టు సెట్టుకీ తిరగాల్సినకాడ, నీతో పాటు వొంగేదే నీది. రెండు సేతుల్తో వొంచి సూడు. నీ బరువుకి వొంగాల, వొదిలితే లెగాల."

అది వంచి చూసి మెత్తదే తీసుకుంది. తరువాత తను జారుతుండగా ఎవరో తీసిన వీడియో పంపింది. తెల్లటి సన్న చెట్ల మధ్యలో పిల్ల మెల్లగా మలుపులు తిరుగుతోంది. మలుపు మలుపుకీ ఒక మోకాలు వంచి, వెనక కాలి మడమ పైకి లేపుతోంది. బూటు ముందు భాగమే బద్దకు బిగిస్తారట, మడమ వదిలేస్తారట. నేను ఫోను దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాను.

ఒక సంగతి చెప్పి ముగిస్తాను. కావిడోళ్లకు మడమతో పని లేదన్నది అబద్ధం. పెద్దయ్యాక తామ్వే బజారులో కావిడి మోసేవాళ్లను ఎందరినో కళ్లు పెట్టి చూశాను. అందరూ మడమ ఆన్చే నడుస్తారు. తాతయ్యకు ఆ సంగతి తెలియదా, ఆయనా ఆన్చే నడిచేవాడు. అబద్ధమని తెలిసినా ఆ మాటను నేను భుజం మీంచి దించలేదు. పొద్దున్నే మంచం దిగి మునివేళ్లు నేలకు తాకించినప్పుడల్లా, మోకాలు కొంచెం వంచి, భుజం మీద లేని బద్ద లేచేదాకా ఒక్క క్షణం ఆగుతాను. అప్పుడు అడుగు వేస్తాను.