కాన్పుల గదిలో నిమ్మకాయలు

ఎనిమిదేళ్ళుగా ఒక మాట నా గొంతు దాటలేదు. కట్టుకున్న మనిషికి చెప్పలేదు, తాగినప్పుడు కూడా నోరు జారలేదు. మీరు నన్నెరగరు కాబట్టి చెప్పగలుగుతున్నానేమో.

నల్లగొండలో పెళ్ళిళ్ళకు ఫోటోలు తీయడం నా పని. పాడుబడ్డ కట్టడాలను తీయడం నా పిచ్చి. మూతబడ్డ మిల్లులు, కప్పు కూలిన బంగళాలు, ఎక్కడ తలుపు ఊడి ఉంటే అక్కడ దూరేవాణ్ణి. ఆ ఫోటోలు పెట్టడానికి ఫోన్లో ఒక పేజీ నడిపేవాణ్ణి. దాని మీద నా పేరు లేదు.

మోత్కూరు అవతల ఒక ఊరి బయట పాత దవాఖాన ఉండేది. రోడ్డు మీద కొత్తది కట్టాక దీన్ని వదిలేశారు. ఊరి పేరు చెప్పను. ఒక మధ్యాహ్నం వెళ్ళాను. కాన్పుల గదిలో తుప్పుపట్టిన ఇనుప బల్ల మిగిలింది. బాగుంది, కానీ చూస్తే భయం పుట్టాలి కదా? సంచిలోంచి రెండు నిమ్మకాయలు, కుంకుమ పొట్లం తీశాను. ఇంటి నుంచే తెచ్చుకున్నాను. అంటే ముందే అనుకుని వెళ్ళాను. ఇక ఏ సాకు చెప్పను?

కాయలకు కుంకుమ పూస్తుంటే మేకలకు ఆకు కోసుకుంటూ ఒక అవ్వ లోపలికి వచ్చింది. పేరు బుచ్చమ్మ. దవాఖాన నడిచినన్నాళ్ళూ అక్కడే ఊడ్చేదట. ఒంటరి మనిషి.

"ఓ అయ్యా, ఏం కథ నీది? పట్నమోళ్ళు గివ్విటితోని గూడ ఆడుకుంటరా?"

"ఫోటో కోసం అవ్వా. జర కొప్పు ఇప్పి ఆ బల్ల కాడ నిలబడు."

"గిట్లనా? నన్ను సిన్మల ఏస్తవా కొడుకా?"

ఆమెకు నవ్వు ఆగలేదు. నవ్వొద్దని రెండుసార్లు కసిరాను. పోతూ పోతూ అడిగింది. "గా నిమ్మకాయలు పారేస్తవా? ఇటియ్యి, కడిగి పప్పుల పిండుకుంట."

ఇచ్చాను.

ఆ సాయంత్రమే ఫోటో పెట్టి, 'ఇక్కడ ఇంకా కాన్పులు చేస్తున్నదెవరు?' అని కింద రాశాను. పొద్దుటికి ఊరూరా ఫోన్లలో తిరుగుతోంది. పొంగిపోయాను.

అదే రోజు ఆ ఊళ్ళో జ్వరంతో ఒక పసిబిడ్డ పోయింది. ఫోటోలో ఉన్నది బుచ్చమ్మేనని ఎవరో గుర్తుపట్టారు. ఇల్లు వెతికితే పొయ్యి పక్క గంపలో రెండు నిమ్మకాయలు దొరికాయి, కుంకుమతో సహా. బాణామతి చేసి బిడ్డను చంపిందన్నారు. మంత్రం పలకకుండా ముందు పళ్ళు ఊడగొట్టాలంటారు మా వైపు. ఊడగొట్టారు. ఫోటోలు తీసే పిలగాడు ఇచ్చిండని ఆమె మొత్తుకుందట. ఏ పిలగాడు? ఎవరూ చూడలేదు. ఇదంతా పేపర్లో చదివాను.

నేను వెళ్ళి ఒక్క మాట చెబితే సరిపోయేది. బస్సెక్కితే గంటన్నర. భయపడ్డాను, నన్నూ కొడతారని, కేసవుతుందని. పేజీ మాత్రం తీసేశాను. తీసేసే ముందు ఆ ఫోటో ఎంతమంది చూశారో ఇంకొక్కసారి చూసుకున్నాను. థూ, నా బతుకు చెడ!

తర్వాత ఆమె నారాయణపేట వైపు చెల్లెలి దగ్గరకు చేరిందని తెలిసింది. పోయినేడు ధైర్యం చేసి వెళ్ళాను. అప్పటికే ఆమె పోయి ఏడాది దాటింది. దవాఖానలో తెలిసినవాణ్ణని చెబితే చెల్లెలు చాయ్ ఇచ్చింది.

"బువ్వ మెత్తగ పిసికి పెడితే మింగేది అయ్యా. సచ్చేదాంక ఒక్కటే మాట, నాకేం ఎరుక లేదని. నిజమో అబద్ధమో ఆ దేవునికే తెల్వాలె. నా మనుమండ్లను మాత్రం దగ్గరికి పోనియ్యలే."

తోడబుట్టినది కూడా నమ్మలేదు. నాకు తెలుసు. అయినా చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, వచ్చేశాను. ఇంతకంటే నీచం ఉంటుందా?

ఆనాటి ఫోటోలన్నీ నా దగ్గర ఇంకా ఉన్నాయి. నేను బయట పెట్టని ఒకదాంట్లో బుచ్చమ్మ కొప్పు విప్పుకుని, నిండు పళ్ళతో నవ్వుతోంది. ఇటు జరగమని చూపిస్తున్న నా చెయ్యి అంచున పడింది. వేళ్ళకు కుంకుమ ఉంది.

క్షమించమని అడగను. క్షమించాల్సిన మనిషి లేదు. రాస్తుంటే మాత్రం, ఇన్నేళ్ళలో మొదటిసారి ఊపిరి సరిగ్గా ఆడుతోంది. అందుకు కూడా సిగ్గుగానే ఉంది. బుచ్చమ్మకు ఏ మంత్రమూ రాదు. ఆ నిమ్మకాయలు నావి.