కణాల పేపర్లో బామ్మర్ది పేరు

మద్దిలేటి తాతకు పేర్లంటే భయం. పాములంటే లేదు, పోలీసులంటే లేదు. ముత్తమ్మవ్వ అంటే కొంచెం ఉంది గానీ అది కాపురం చేసే ప్రతివాడికీ ఉండేదే. ఎవరి పేరు ముందు రాయాలి, ఎవరిది వెనక రాయాలి, ఎవరిదైనా మరిచిపోతే ఏం మునుగుతుంది అన్నదే ఆయన భయం.

ఆ భయం కూతురు భారతి పెళ్లి పత్రికతో పట్టుకుంది. 'ఆహ్వానించువారు' అన్న మాట కింద అవ్వ తమ్ముడు ఈరేష్ పేరు ఎవరో దూరపు చుట్టం పేరుకు దిగువన పడింది. ఈరేష్ పెళ్లికి రాకుండా ఉండలేదు. వచ్చి, షామియానా బయట కుర్చీ వేయించుకొని కూర్చున్నాడు. భోజనానికి లేవమని తాత గడ్డం పట్టుకొని బతిమాలితే, పైనున్న పేరాయన తిన్న తర్వాత కింది పేరు సంగతి చూద్దామన్నాడు. మూడు ముళ్లూ పడినాయి, అప్పగింతలూ అయినాయి, ఈరేష్ మాత్రం కుర్చీ దిగలేదు. ఇప్పటికీ ఆయన ఏ శుభకార్యానికి పోయినా ముందు పత్రిక తీసి చదివి, తర్వాతనే చెప్పులు విడుస్తాడు.

తాత ఎమ్మిగనూరులో జూనియర్ కాలేజీ పిల్లలకు బాటనీ చెప్పి రిటైరైనాడు. ఉద్యోగమంతా ఒకే ఉల్లిపొరను మైక్రోస్కోపు కింద పెట్టి నెట్టుకొచ్చినాడని ఆయన దగ్గర చదివినవాళ్లు అంటారు. ఉల్లిపొర మారిందేమో గానీ, పాఠం మాత్రం మారలేదు. రిటైరైన రోజు కాలేజీవాళ్లు శాలువా కప్పి, కొత్తవి వచ్చినాయి కాబట్టి ఆ పాత మైక్రోస్కోపును ఆయనకే ఇచ్చి పంపినారు. అప్పటినుంచి అది హాల్లో టీవీ పక్కన, అవ్వ అల్లిన గుడ్డ కప్పుకొని, ఇంట్లో పెద్దకొడుకు మాదిరి కూర్చుంది. చుట్టాలొస్తే తాత గుడ్డ తీసి చూపిస్తాడు. మనవళ్లకు దాంట్లో ఎప్పుడు చూసినా తమ కనురెప్పల వెంట్రుకలే కనబడినాయి. తాతకు మాత్రం సృష్టి రహస్యం కనబడేది.

ఆ రహస్యాన్ని నిజంగా నమ్మింది ఒక్క కృప. గోనెగండ్ల పిల్ల. అమ్మానాన్న పత్తి కూలికి పోయేవాళ్లు. తాత దగ్గర ఇంటర్ చదివి, ఎమ్మెస్సీ దాకా పోయి, ఇప్పుడు ఆదోనిలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతోంది. ఒక ఎండాకాలం సెలవుల్లో వచ్చి, పత్తికి కొట్టే మందు చాలా కొంచెం కలిసిన నీళ్లలో ఉల్లిగడ్డలకు వేర్లు మొలిపించి, ఆ వేరు కొసన కణాలు ఎట్లా చీలతాయో, ఎక్కడ ఆగిపోతాయో చూడాలని ఉంది, మైక్రోస్కోపు వాడుకోనిస్తారా సార్ అని అడిగింది. తాత ఆనందంతో గుడ్డ తీసినాడు. పరిశోధనలో ఆయన చేసిన మొదటి పని అది. చివరిది కూడా అదేనేమోనని అవ్వ అనుమానం.

వంటింటి కిటికీలో టీ గ్లాసుల వరస లేచింది. ప్రతి గ్లాసు మూతి మీద ఒక ఉల్లిగడ్డ, కింద నీళ్లు. సగం వాటిలో మందు, సగం వాటిలో ఉత్త నీళ్లు. ఉల్లిగడ్డలు నందవరం నుంచి భారతి మామ బసన్న పంపించినాడు. కృప ఊర్లో లేనప్పుడు అవ్వ నీళ్లు మార్చేది. ఒక పొద్దున ఇంట్లో ఉల్లిగడ్డలు అయిపోతే, అవ్వ ఉత్త నీళ్ల గ్లాసుల మీదున్నవన్నీ కోసి, పొద్దుటి టిఫినుకు చేసే బొరుగుల ఉగ్గానిలో వేసింది. అందరూ తిన్నారు. ఈ రోజు ఉగ్గాని రుచే వేరని తాత రెండోసారి పెట్టించుకున్నాడు. సాయంత్రం కృప వచ్చి ఖాళీ గ్లాసులు చూసి గోడకు ఆనుకొని నిలబడిపోయింది. మందు ఉన్నవి ముట్టుకోలేదు కదా, ఆ మాత్రం నాకు తెలీదా అని అవ్వ ఆమెకే ధైర్యం చెప్పింది. ఆ పిల్ల మొదటినుంచి మళ్లీ మొదలుపెట్టింది.

మొత్తానికి పని పూర్తయింది. డబ్బా మీద చెప్పిన మోతాదు కంటే చాలా తక్కువలో కూడా కణాలు చీలబోయి మధ్యలో ఆగిపోతున్నాయని తేలింది. కణశాస్త్రం పత్రిక ఒకటి, శాస్త్రవేత్తలే నడిపేది, ఫీజు అడగనిది, కొత్తవాళ్ల పరిశోధనలు పంపమని ప్రకటన వేసింది. వాళ్లు పేపరు తీసుకుంటే కృపకు పీహెచ్‌డీ సీటు ఇంటర్వ్యూలో మాట్లాడడానికి నోరుంటుంది. తీసుకోకపోతే ఆమె కూడా తాత మాదిరే జీవితమంతా ఒకే ఉల్లిపొర చూపించుకుంటూ రిటైరు కావాల్సిందే. ఈ రెండో ముక్క ఆమె తాతకు చెప్పలేదు. ఆ ఇంట్లో అన్నం తిన్న పిల్ల.

పేపరు పంపే రోజు తాత తలస్నానం చేసి వచ్చి, కృప ల్యాప్‌టాప్ పక్కన కుర్చీ వేసుకున్నాడు. రాసినవాళ్ల పేర్లు అనే చోటు రాగానే ఆయనకు షామియానా బయటి కుర్చీ గుర్తొచ్చింది. ఇక చెప్పడం మొదలుపెట్టినాడు. మొదట పెద్దవాడు కాబట్టి తాను. ఇల్లాలు కాబట్టి ముత్తమ్మ. తర్వాత ఈరేష్, ఈసారి ఎవరి కిందా కాకుండా. వియ్యంకుడు కాబట్టి బసన్న. బిడ్డ కాబట్టి భారతి, ఆమెను రాసి మొగుణ్ణి వదిలితే బాగుండదు కాబట్టి అల్లుడు నాగేష్. చివరన, పెళ్లి పత్రికలో చిన్నపిల్లల పేర్లు వేసే చోట, కృప. ఆ పిల్ల చెప్పినవి చెప్పినట్టే టైపు కొట్టి పంపించింది.

ఈరేష్‌కు ఆదోనిలో ఫ్లెక్సీల షాపు. కబురు తెలిసిన రోజే ఫ్లెక్సీ వేసి తెచ్చి ఎమ్మిగనూరు బస్టాండు రోడ్డులో కట్టించినాడు. 'అంతర్జాతీయ శాస్త్రవేత్త మద్దిలేటి సార్ గారికి శుభాకాంక్షలు' అని ఉంది. తాత ఫోటో కంటి ఆపరేషన్ అప్పటిది, నల్ల కళ్లద్దాలతో. పక్కన దాదాపు అంతే ఎత్తున ఈరేష్. కృప ఒక మూల, షాపు ఫోన్ నంబరు కింద, స్టాంపు బిళ్లంత. ఇంకా ఎవరూ పేపరు తీసుకోలేదు కదా అని అవ్వ అడిగితే, అచ్చయ్యేదాకా ఆగితే వేరేవాళ్లు ముందే వేస్తారన్నాడు ఈరేష్.

కొన్నాళ్లకు పత్రికవాళ్ల జవాబు వచ్చింది. పని బాగుందన్నారు, చిన్న సవరణలు చెప్పినారు. చివర ఒక మాట. ఈ ఏడుగురిలో ఆలోచన ఎవరిది, ప్రయోగం చేసింది ఎవరు, ఫలితాలు చూసింది ఎవరు, రాసింది ఎవరు, ఒక్కొక్కరి గురించి విడివిడిగా తెలపండి. ఇందులో ఏదీ చేయనివారు రచయితలుగా ఉండరాదు. అది తేలేదాకా పేపరు ముందుకు పోదు.

అదే వారం ఇంకొక మెయిల్ వచ్చింది, తాత పేరు మీదనే. 'మహోన్నత ఆచార్యులైన మద్దిలేటి గారికి' అని మొదలైంది. కణశాస్త్రం, పశువైద్యం, హోటల్ నిర్వహణ, మూడూ కలిపి వేసే పత్రికట. ఎంతమంది పేర్లున్నా అడగకుండా వెంటనే వేస్తారట, కొంచెం ఫీజు కట్టాలట. ఆచార్యులవారు ఒప్పుకుంటే సంపాదకవర్గంలో కూడా చేర్చుకొని, ఫ్రేము కట్టించుకునేందుకు సర్టిఫికెట్ పంపుతారట. తాత దాన్ని మూడు సార్లు బయటికి చదివినాడు. హోటల్ అన్నచోట మాత్రం కొంచెం గొంతు తగ్గించినాడు.

"ఈల్లు మనిషి విలువ తెలిసినోల్లు," అన్నాడు కృపతో. "ఈల్లకే ఇద్దామమ్మా. ఎవరి పేరూ తీసే పని ల్యాదు."

"దాంట్లో ఏస్తే ఇంటర్వ్యూలో లెక్క పెట్టరు సార్. ఒకసారి ఆడ ఏసినంక ఇంకెవరూ తీసుకోరు గూడా."

"ఈరేష్ పేరు తీసేస్తే ఏమైతాదో నీకు తెల్దు."

"తెలుసు సార్. భారతక్క పెండ్లికి నేనూ వచ్చినా. ఆయప్ప బయట కూసున్నది సూసినా."

తాత అయినా వదల్లేదు. సరే, అందరూ ఏదో ఒకటి చేసినారని రుజువు చేద్దామని కూర్చున్నాడు. బసన్న ఉల్లిగడ్డలు ఇచ్చినాడు. అంగట్లో కొనుంటే అంగడాయన పేరు రాసేవాళ్లమా సార్ అని కృప మెల్లగా అడిగింది. బసన్న పోయినాడు. భారతి, నాగేష్ ఫోన్లో ఎట్లుంది అని అడిగినారు. వాళ్లూ పోయినారు. ఈరేష్ ప్రచారం చేసినాడు. ప్రచారానికి అందులో చోటు లేదు. నాది ఉగ్గాని అని రాసుకోండి అంది అవ్వ వంటింట్లోనుంచి. అట్లా ఒక్కొక్కటిగా పేర్లన్నీ రాలిపోయి, మొదటి పేరు దగ్గరికి వచ్చేసరికి కృప చేతులు ఒళ్లో పెట్టుకొని నేల చూసింది.

"నాది పర్యవేక్షణ," అన్నాడు తాత.

"అంటే ఏందయ్యా?" అంది అవ్వ. "ఆ పాప కండ్లు ఎర్రబడేదాక సూస్తాంటే, నువ్వు పక్కన కుర్చీలో గురక పెడతాంటివే, అదేనా?"

తాత లేచి మైక్రోస్కోపు దగ్గరికి పోయినాడు. కోపంతో పోయినాడో, ఇంకెక్కడికి పోవాలో తెలియక పోయినాడో. గుడ్డ తీసినాడు. కింద కృప పెట్టిన వేరు కొస ఇంకా అట్లే ఉంది. కన్ను ఆనించి, మర తిప్పి, చాలాసేపు చూసినాడు. రెండు దిక్కులకు విడిపోవాల్సిన పోగులు మధ్యలో చిక్కుపడి, కణం ఒకటిగానూ ఉండలేక, రెండుగానూ కాలేక ఆగిపోయింది. ఆయన బోర్డు మీద ఎన్నోసార్లు కణవిభజన బొమ్మ గీసినాడు గానీ, ఆయన ఉల్లిపొరలో కణాలు ఎప్పుడూ చీలలేదు. ఉల్లిపొర కణాలు చీలవు. ఉన్నచోటే కూర్చుంటాయి.

"ఇది నాకు సూపించలేదే?"

"సూపించినా సార్. బాగుందన్నారు."

తాత కన్ను ఎత్తలేదు. "నాది గూడా కొట్టేయి," అన్నాడు.

కృప వద్దన్నది, సార్ మీరు లేకుంటే ఎట్లా అన్నది. నీ సీటు పోగొట్టి నేనేం చేసుకుంటానమ్మా అని ఆమె నోరు మూయించి, ఆ జవాబు పంపించినాకనే భోజనానికి లేచినాడు. గొప్ప మనసని మనవళ్లు అనుకుంటుంటే, అందులో సగమే మనసు, మిగిలిన సగం తెలివి అని అవ్వ చెప్పింది. ఆ తెలివి ఏమిటో మరునాడు తాత ఆదోని బస్సెక్కి ఈరేష్ షాపుకు పోయినప్పుడు బయటపడింది.

ఈరేష్‌కు కబురు అప్పటికే చేరింది. ఆయన బావకు కుర్చీ వేయించలేదు.

"నా పేరు కొట్టేసినావంట బావా."

"నాది గూడా కొట్టేసినా."

ఈరేష్ తిట్టడానికి తెరిచిన నోరు అట్లే ఉండిపోయింది. పత్రికలో పెళ్లి పెద్ద పేరే లేకపోతే, మా పేరేదని ఎవరు ఎవరిమీద అలగాలి?

"నీదీ ల్యాక, నాదీ ల్యాక, మరి పెండ్లి ఎవరిది?" అన్నాడు చివరికి.

"ఆ పాపదిరా."

ఈరేష్ టీ తెప్పించినాడు. అంటే సమాధానపడినట్టే.

పేపరు కృప ఒక్కదాని పేరుతో వచ్చింది. ఇంటర్వ్యూలో దాన్ని గురించే అడిగినారట, ఆమె దాన్ని గురించే చెప్పిందట, సీటు వచ్చింది. పేపరు చివర ధన్యవాదాల్లో మైక్రోస్కోపు ఇచ్చినందుకు మద్దిలేటి సారుకు, నీళ్లు మార్చినందుకు ముత్తమ్మకు నమస్కారం చెప్పింది. ఉగ్గాని మాట లేదని తెలుసుకొని అవ్వ ఊపిరి పీల్చుకుంది. ఈరేష్ కొత్త ఫ్లెక్సీ వేసినాడు. ఈసారి మధ్యలో కృప, నిలువెత్తున. కింద వరసగా చుట్టాలందరూ, ఒక్కరూ పోకుండా. ఈరేష్ ఫోటో తాత ఫోటో కంటే వేలెడు పెద్దది. తాత చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

హోటల్ పత్రికవాళ్లు మాత్రం ఇప్పటికీ ఆయనకు రాస్తూనే ఉన్నారు. తాత జవాబివ్వడు, మెయిళ్లు తీసేయడు కూడా. మహోన్నత ఆచార్యా అని ఇంట్లో ఎవరూ పిలవరు మరి.

పాత ఫ్లెక్సీని బసన్న నందవరం పట్టుకుపోయినాడు. వాన మబ్బు పట్టిన ఒక రోజు తాత అక్కడికి పోతే, కళ్లంలో ఉల్లిగడ్డల కుప్ప మీద అంతర్జాతీయ శాస్త్రవేత్త నల్ల కళ్లద్దాలు పెట్టుకొని, వెల్లకిలా పడుకొని ఆకాశం చూస్తున్నాడు. బసన్న ఇబ్బందిపడి, రంగు వైపు పైకి ఉంటేనే నీళ్లు జారతాయి బావా అన్నాడు. గాలికి ఫ్లెక్సీలో తన చెవి దగ్గర ఒక అంచు లేస్తుంటే, తాత రాయి ఒకటి వెతికి తెచ్చి దాని మీద పెట్టినాడు. వాన వచ్చింది. గడ్డలు తడవలేదు.