ముగ్గుపిండితో గీసిన ఊరు

రామేశ్వరమ్మ నోటికి జడిసి కాలనీలో కుక్కలు కూడా ఆమె వాకిట్లో పడుకోవని అంటారు. అది కాస్త ఎక్కువ చేసి చెప్పడమే. నోరు పెద్దదే, కాదనడానికి లేదు. కానీ ఆ నోటితో ఆమె తిట్టేది ఎక్కువగా ఎండను, ఆఫీసులను, తన గొర్రెలను. వీరపునాయునిపల్లె వైపు పుట్టి, పెన్న ఒడ్డున గొర్రెలున్న ఇంటికి కోడలిగా వచ్చింది. పుట్టింటి నుంచి ఆమె తెచ్చిన సొత్తు ఏమన్నా ఉందంటే అది చేతిలోని ముగ్గు. చుక్కలు పెట్టేది కాదు. చెంగు బొడ్లో దోపుకొని, వంచిన నడుము ఎత్తకుండా వాకిలి పొడవునా గీసుకుంటూ పోయి, మొదలుపెట్టిన చోటికే వచ్చి కలిపేది. ఊళ్లో ఆడవాళ్లు బిందెలు చంకన పెట్టుకొనే నిలబడి చూసేవాళ్లు.

ఆ ఊరు ఇప్పుడు లేదు. గండికోట దగ్గర జలాశయం నిండినప్పుడు మునిగిన ఊళ్లలో అదీ ఒకటి. జనాన్ని తీసుకొచ్చి జమ్మలమడుగు పోయే దారిలో, మిట్ట మీద కాలనీ కట్టి దించారు. అన్నీ బారులు తీర్చిన ఇళ్లు, అన్నింటికీ ఒకటే రంగు, గోడకో నంబరు, వెనకాల ఎవరూ ఇల్లు కట్టుకోని బీడు. మనుషులకు పట్టాలిచ్చారు, పరిహారం ఇచ్చారు, మైకు పట్టుకొని చెప్పవలసిన మాటలన్నీ చెప్పారు. గొర్రెలకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు.

గొర్రెకు మతి ఉండదని అనేవాళ్లు గొర్రెలను కాచి ఎరుగరు. పొద్దు వాలితే చాలు, మంద మొత్తం పాతూరి నీళ్ల తొట్టి వైపు మళ్లేది. కాలనీలో మనుషులకే ట్యాంకరు గతి, ఇక వాటికి నీళ్లెక్కడివి? మేత ఆపి, తలలు దించుకొని, పాత తారు రోడ్డెక్కి నడిచేవి. ఆ రోడ్డు నేరుగా పోయి నీళ్లలోకి దిగుతుంది. అంచు దగ్గర విరగదు, గుంత పడదు. కింద ఊరింకా ఉన్నట్టే, తాను అక్కడికే పోతున్నట్టే దిగుతుంది.

మొదటి ఏడు, ఒక సాయంకాలం, ముందు నడిచే పొట్టేలు నీళ్ల అంచున ఆగలేదు. దాని వెనక మంద, మంద వెనక రామేశ్వరమ్మ మొగుడు గంగులయ్య. జలాశయంలో చేపలు పట్టే షాహిద్ ఒడ్డున వల సర్దుకుంటూ చూశాడు. గంగులయ్య మందను మళ్లించడానికి దిగుతున్నాడని అనుకున్నాడు. కానీ గంగులయ్య ఉరకలేదు, అదిలించలేదు. మోకాలి లోతులోనూ నడుము లోతులోనూ రోజూ ఇంటికి పోయే నడకతోనే పోయాడు. షాహిద్ పిలిస్తే వెనక్కి తిరిగి, ఊళ్లోకే కదా అన్నట్టు చెయ్యి ఊపాడట. గొర్రెల్లో సగం అవతలి గట్టుకు చేరాయి. మనిషి చేరలేదు. పుట్టీలు వేసి వెతికారు, ఈత వచ్చినవాళ్లు దిగి వెతికారు. తలగుడ్డ కూడా దొరకలేదు.

మిగిలిన మంద కొడుకు నాగేంద్ర చేతికొచ్చింది. రోజూ అదే బాధ. గొర్రెలు అటు గుంజేవి, వాడు కర్ర అడ్డం పెట్టి, గొంతు పోయేలా అరిచి ఇటు మళ్లించేవాడు. వాడు గడప తొక్కేదాకా రామేశ్వరమ్మకు ముద్ద దిగేది కాదు. ఒకరోజు వాడు ప్యాంటు మోకాళ్లదాకా తడుపుకొని వచ్చాడు. ఏందిరా ఇది అని అడిగితే వాడు చెప్పాడు.

“తెలీకుండా దిగినామమ్మా. కాళ్ల కింద రోడ్డు శానా బాగుండాది.”

ఆ రోజునుంచి ఆమెకు బతుకులో ఒక్కటే పని మిగిలింది. కాలనీలోనే గొర్రెలకు తొట్టి కట్టించాలి. అవి అటు పోకూడదు, వాటి వెనక కొడుకు పోకూడదు. జమ్మలమడుగులో ఆఫీసు ఆఫీసుకూ తిరిగింది. లెక్క మనుషులకే గాని గొర్రెలకు లేదని ఒకరన్నారు, అది మా శాఖ కాదని ఒకరన్నారు. ఆమె వాళ్ల ఎదుట చేతులు కట్టుకొని నిలబడి, బయటికొచ్చి బస్టాండులో అందరినీ కలిపి తిట్టింది.

అప్పుడు తెలిసింది, ప్రొద్దుటూరులో హనుమంతయ్య అనే బట్టల వ్యాపారి తన తల్లి పేరున ట్రస్టు నడుపుతున్నాడని, చిన్న ఊళ్లు తమకు తాము చేసుకునే పనులకు గ్రాంటు ఇస్తాడని. కాంట్రాక్టరు ఉండకూడదు. ఏం కావాలో ఊరే కూర్చొని తేల్చుకోవాలి, మట్టిపని ఊరే చేయాలి. వాటికన్నా ముందు ఊరి మ్యాపు ఊరివాళ్లే నేలమీద గీసి చూపించాలి. తమ చోటు తమకు తెలిసినవాళ్లకే డబ్బివ్వాలని ఆయన పట్టుదల. ట్రస్టులో పనిచేసే పులివెందుల అమ్మాయి పద్మశ్రీ స్కూటీ మీద వచ్చి, బడి ముందర ముగ్గుపిండి సంచి దించింది. ఇళ్లు, వీధులు, నీళ్లున్న చోట్లు, తొట్టి కావలసిన చోటు, అన్నీ గీయమంది. గీసేది ఎవరని అడగవలసిన పని లేకపోయింది.

రామేశ్వరమ్మ చెంగు దోపుకొని ఒంగింది. మొదటి గీత కాలనీ వీధిలాగే తిన్నగా పోయింది. తర్వాత చెయ్యి వంపు తిరిగింది. కాలనీలో ఎక్కడా వంపు లేదు. ఎవరో చెప్పబోయి మింగేశారు. చావిడి వచ్చింది, చావిడి పక్క సందు వచ్చింది, సందు చివర బావి వచ్చింది. తానేం గీస్తున్నదీ ఆమెకు తెలుస్తూనే ఉంది. ఆపుదామని కూడా అనుకుంది. వేళ్ల మధ్య నుంచి పిండి జారుతూనే పోయింది.

జనం ఒక్కొక్కరే దగ్గరికి వచ్చారు. గీత దాటే ముందు చెప్పులు విడిచారు. ఎవరిల్లున్న చోట వాళ్లు ఒక రాయి పెట్టి, కాసేపు అక్కడే నిలబడ్డారు. ఒక ముసలామె నాలుగు తెల్లగీతల మధ్య కాళ్లు చాపుకొని కూర్చుంది. పక్కనుంచి ఎవరో పోబోతే, పొయ్యి మీద కూడుంది, చూసి నడువు అని కసిరింది. ఎవరూ నవ్వలేదు. చివరికి రామేశ్వరమ్మ తొట్టి గీసి నడుమెత్తింది. ఏమీ తెలియని పద్మశ్రీ బడి మిద్దెక్కి ఫోటోలు తీసుకుంది. ఇంత వివరంగా గీసిన మ్యాపు ఏ ఊళ్లోనూ చూడలేదని సంబరపడిపోయింది.

అబద్ధం రామేశ్వరమ్మ కడుపులో నిలవదు. కొద్దిరోజులకే పద్మశ్రీకి ఫోన్ చేసి, తాను గీసింది మునిగిన ఊరినని చెప్పేసింది. ఆ పిల్ల, మ్యాపు పెద్దాయన చేతికి పోయిందని, ఆయనే వచ్చి దాన్ని పట్టుకొని ఊరంతా నడిచి చూస్తాడని, కలవకపోతే మళ్లీ వచ్చే ఏడే అడగాలని చెప్పింది. వచ్చే ఏడంటే మధ్యలో ఒక ఎండాకాలముంది. ఎండాకాలంలో మందను ఆపడం ఎవరి తరం కాదు.

హనుమంతయ్య అన్నట్టే వచ్చాడు. పొడుగాటి మనిషి, తెల్లటి పంచె, మెత్తటి మాట. మ్యాపును ఒకసారి, కాలనీని ఒకసారి చూసి, ఒక్క వీధీ కలవడం లేదేమని అడిగాడు. రామేశ్వరమ్మ ఆ రోజు గొంతు ఎత్తలేదు.

“కలుస్తాది శెట్టిగారూ. నా ఎనక రాండి.”

ఆమె ఆయన్ను వెనకాలి బీడులోకి తీసుకుపోయింది. అక్కడ తుమ్మకంప తప్ప ఏమీ లేదు. ఆమె నడిచింది, వెనక కాలనీ అంతా నడిచింది. ఒకచోట ఆమె కుడికి తిరిగితే అందరూ తిరిగారు. ఒకచోట గుంపు సన్నబడి ఒకరి వెనక ఒకరయ్యారు, భుజాలు దగ్గరికి ముడుచుకున్నారు. ఒకచోట గడప దాటినట్టు కాలెత్తి వేశారు. చావిడి దూలం కిందికి ఉండేది, ఆ ఊళ్లో పెరిగినవాళ్లందరికీ అక్కడ తల వంచడం అలవాటు. ఆ చోటు రాగానే ఒక్కొక్కరే తల వంచి దాటారు. వెనకే వస్తున్న హనుమంతయ్య కూడా వంచాడు. వంచమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. అది చూసిన పద్మశ్రీ రామేశ్వరమ్మ చెయ్యి పట్టుకొని, మళ్లీ వదల్లేదు.

బీడు చివర ఆగి, తొట్టి ఈడ అంది రామేశ్వరమ్మ. హనుమంతయ్య ముఖం తుడుచుకున్నాడు. మ్యాపు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆమె ఒక్కదానికే వినబడేటట్టు అడిగాడు.

“ఇందాక ఎడంపక్క ఇంట్లో మజ్జిగ చిలుకుతాండేది ఎవురమ్మా?”

ఎడంపక్క తుమ్మకంపే ఉంది. ఎవరని చెబుతుంది? ఆ వరసలో మజ్జిగ చిలికే ఇల్లు ఎవరిదో ఆమెకు తెలుసు, ఆ ఇంటామె పోయి చాలా ఏళ్లయిందనీ తెలుసు. హనుమంతయ్య జవాబు కోసం ఆగలేదు. కారు దగ్గరికి పోయి మంజూరు కాగితం మీద సంతకం పెట్టి, వెనక్కి చూడకుండా ఎక్కి కూర్చున్నాడు.

ఆ ఎండాకాలం ముదరక ముందే పని అయిపోయింది. బోరు వేస్తే తియ్యటి నీళ్లు పడ్డాయి. మగవాళ్లు నాపరాళ్లు మోసి నిలబెట్టారు, ఆడవాళ్లు మట్టి ఎత్తారు. పని చేసినన్నాళ్లూ జనం బీడులో అడ్డంగా నడవలేదు, వంపులు తిరుగుతూనే మట్టి గంపలు మోశారు. తొట్టి నిండిన రోజు సాయంకాలం నాగేంద్ర మందను తోలుకొచ్చాడు. తారు రోడ్డు దగ్గర గొర్రెలు ఎప్పటిలాగే ఆగాయి. పొట్టేలు నీళ్ల వైపు కాసేపు చూసి, బీడు వైపు తిరిగింది.

అవి తిన్నగా రాలేదు. లేని గోడలను తప్పించుకుంటూ, లేని సందులో ఒకదాని వెనక ఒకటి ఒదిగి, చావిడి చుట్టూ తిరిగి వచ్చి తొట్టికి మూతులు పెట్టాయి. జనం ఈలలు వేశారు. రామేశ్వరమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. ఇక కొడుకు బతికాడు అనుకుంది.

మంద మళ్లీ జలాశయం వైపు పోలేదు. కానీ కొన్నాళ్లకు ఆమె కంట ఒకటి పడింది. మంద ఎంత ఒత్తుకొని తాగినా, తొట్టి పడమటి కొసన ఒక మనిషి నిలబడేంత చోటు ఖాళీగా వదులుతోంది. రాయి కోసుకుంటుందేమోనని తడిమి చూసింది, నున్నగానే ఉంది. ఎండ పడుతుందని ఒకరన్నారు. మబ్బు పట్టిన రోజు కూడా వదిలాయి. ఒక సాయంకాలం ఒక గొర్రెపిల్ల ఆ ఖాళీ పక్కకు పోయి, నుదురు గోకించుకునేటప్పుడు చేసినట్టు గడ్డం పైకెత్తి కళ్లు మూసుకుంది. చాలాసేపు అట్లాగే నిలబడింది. రామేశ్వరమ్మకు భయమే వేసింది, కాదని ఎందుకనాలి. ఆ భయంలోనే, ఇన్నాళ్లూ గొంతులో అడ్డం పడి ఉన్నదేదో కిందికి దిగింది.

ఆ సంగతి తెలియని నాగేంద్ర మందను వదిలిపెట్టి, కాళ్లు కడుక్కుందామని నేరుగా ఆ ఖాళీలోకే నడిచాడు.

“ఈ పక్కకు రా నాయనా,” అంది ఆమె. “ఆడ మీ నాయన నిలబడుకోని ఉండాడు.”

వాడు ఆగిపోయాడు. నవ్వుతాడేమో, కసురుకుంటాడేమో అనుకుంది. వాడు రెండూ చేయలేదు. వేసిన అడుగు మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. తొట్టి చుట్టూ గొర్రెలు చిందించిన నీళ్లతో నేలంతా బురద బురదగా ఉంది. వాడు ఆ ఖాళీ వైపు చూడలేక అమ్మ ముఖంలోకి చూస్తూ, చిన్నపిల్లవాడి గొంతుతో అడిగాడు.

“నాయన తడిసి ఉండాడామ్మా?”

రామేశ్వరమ్మ ఆ కొస వైపు తేరిపార చూసింది. అంత బురదలోనూ అక్కడ, రెండు పాదాలు మోపేంత మేర, మట్టి పొడిగా ఉంది.

“లేదు నాయనా,” అంది. “ఒళ్లంతా ఆరింది.”

మంద తాగడం అయ్యేదాకా తల్లీ కొడుకులు ఆయనకు ఈ పక్కనే నిలబడ్డారు.