పలకని పేరు

విరుదునగర్‌లో పత్తి కంపెనీ వదిలిన రోజున నాయన లెక్కల పుస్తకాలన్నీ యజమాని ముందు పెట్టి, కాగితం ముక్క కూడా తీసుకుపోవడం లేదని ఖాళీ సంచి దులిపి చూపించాడట.

"సంచి దులిపితివి సరే. తలకాయలో ఉండేదాన్ని ఎట్ల దులిపేది?" అన్నాడట యజమాని.

కోవిల్‌పట్టి జిన్నింగు మిల్లువాళ్లు ఎక్కువ జీతమిచ్చి పిలిపించుకున్నది ఆ తలకాయలో ఉన్నదాని కోసమే. లాభమంతా ఒక్కరి పేరునే ఉంటే ఇన్‌కంటాక్సు ఎక్కువ. ఇంటివాళ్లను వాటాదార్లుగా చేర్చి పత్రం రాస్తే, పంచుకున్న కొద్దీ పన్ను తగ్గుతుంది. విరుదునగర్‌లో యజమాని కూతురు వాటాదారు. ఇక్కడ యజమానికి పిల్లలు లేరు, అందుకని భార్యను చేర్చారు. విళాత్తికుళం దగ్గర ఆమె పుట్టింటి పొలం అమ్మిన డబ్బు నిజంగానే మిల్లులో ఉంది.

ఇన్‌కంటాక్సు ఆఫీసరు వచ్చి అడిగితే చెప్పడానికి ఆమెను తయారు చేసే పని నాకు పడింది. కొత్తవాళ్ల ముందు నాకు గొంతు పెగలదు. కానీ నాయనకు చదువొచ్చిన కూతుర్ని నేనొక్కదాన్నే. పది రోజులు వెళ్లాను. వాటా ఎంత, డబ్బు ఎప్పుడు పెట్టింది, అన్నీ చెప్పించాను. సంతకం నేర్పాను. "మీ నాయన నన్ను ఈ వయసులో ఇస్కూలుకు పంపిండాడే" అని నవ్వేది.

ఆఫీసరు ఇంటికే వచ్చాడు. ఇవే మాటలున్న పత్రం విరుదునగర్‌లో చూశానని మొదటే అన్నాడు. మగవాళ్లను బయటికి పంపి, నన్ను మాత్రం ఆమె పక్కన కూర్చోనిచ్చాడు. తమిళంలో అడిగాడు. ఆమె తడబడకుండా అన్నీ చెప్పింది. చివర, మీతో వాటా ఉన్న రెండో మనిషి ఎవరు అన్నాడు.

ఆమె తల వంచుకుని ఇంటాయన అంది. పేరు కావాలన్నాడు. మొగుడి పేరు ఆమె జన్మలో పలికింది లేదు. రాద్దామంటే నేను నేర్పింది ఆమె పేరొక్కటే. విరుదునగర్‌లో చెప్పింది కూతురు. తండ్రి పేరు చెప్పడానికి ఆమెకేం అడ్డం? ఆ తేడా నాయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

ఆఫీసరు మర్యాదగానే, ఈ అమ్మాయి చెప్పినా రాసుకుంటానన్నాడు.

"చెప్పు, పాపా" అంది ఆమె.

పత్రం నకళ్లలో ఆ పేరు నేను ఎన్నోసార్లు రాశాను. నోరు తెరిచాను. ఆయన కలం పాళీ వైపు చూశాను. గొంతు పెగల్లేదు. ఆయన చాలాసేపే ఆగాడు. తర్వాత ఏదో రాసుకుని, కాగితాలు మడిచి లేచాడు.

వాటాలు ఉత్త కాగితం మీదివేనని తేల్చి, పన్నంతా యజమాని ఒక్కడి మీదే వేశారు. నెలాఖరుకు నాయనను పొమ్మన్నారు. ఆయన కింద పనిచేసిన గుమాస్తాను మాత్రం ఇంకో మిల్లువాళ్లు వెంటనే తీసుకున్నారు. అక్కడ చేరగానే అతను అడిగిన మొదటి మాట, యజమాని తల్లి బతికుందా అని. కొడుకు పేరు తల్లి పలకవచ్చు కదా.

ఆ సంగతి విని నాయన, "నేర్చుకున్నాడు" అన్నాడు, అంతే. నన్ను ఏమీ అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో డైరీలో రాసి కొట్టేసిన పేజీలు నాలుగున్నాయి. ఇవాళ్టికీ అడగలేదు.