ఎండలో తెచ్చుకున్న జ్వరం

ఆ పెద్ద కిరాణా దుకాణంలో ఆమెను అందరూ బిల్లింగక్క అనేవారు. మహమ్మారి రోజుల్లో జనమంతా తలుపులు బిగించుకుంటే, ఆమె మాత్రం ప్లాస్టిక్ తెర వెనక కూర్చుని సబ్బులూ నూనె ప్యాకెట్లూ యంత్రం ముందు తిప్పుతూనే ఉంది. కొందరు మహా సేవ అని పొగిడారు. వాళ్లే చిల్లర అందుకునేటప్పుడు ఆమె వేళ్లను పామును చూసినట్టు చూశారు.

కొన్నాళ్లకు ఆమెకు ఏదో అయింది. ఏమిటన్నది ఆమెకే అంతుపట్టలేదు. నిద్ర పట్టదు, లేవబుద్ధీ కాదు. తల దువ్వుకుంటూ మధ్యలో ఆగి, దువ్వెన చేతిలోకి ఎందుకొచ్చిందా అని చూసేది. ఒకరోజు ఒకే ఉప్పు ప్యాకెట్టును యంత్రం ముందు పదేపదే తిప్పుతుంటే, ఎదుట నిలబడ్డ పెద్దాయన, "నేనేం ఉప్పు వ్యాపారం పెట్టట్లేదమ్మా," అన్నాడు. వరుసలో వాళ్లు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. కళ్లలో నీళ్లెందుకొచ్చాయో తెలియలేదు.

సెలవు అడిగితే మేనేజరు జ్వరం ఉందా అన్నాడు. లేదంది. మరి రోగమేమిటన్నాడు. అక్కడ రోగానికి ఒకటే కొలత. పొద్దున్నే గుమ్మం దగ్గర వాచ్‌మన్ నుదుటికి గురిపెట్టే జ్వరం తుపాకి. పచ్చదీపం వెలిగితే పనిలోకి, ఎర్రదీపం వెలిగితే ఇంటికి.

మర్నాడు పచ్చదీపమే వెలిగింది. "ఇంకోసారి చూడు బాబాయ్," అంది. మళ్లీ పచ్చదే. ముసలి వాచ్‌మన్ ఆమె ముఖంలోకి చూసి గొంతు తగ్గించాడు.

"ఆ గోడ పక్కన కాసేపు ఎండలో నిలబడమ్మా. నిన్న అక్కడ నిలబడొస్తే నాకు ఎర్రగా చూపించింది. నాకేం రోగం, వయసు తప్ప."

నిలబడింది. వెలగాల్సిన దీపం వెలిగింది. మేనేజరు దూరం నుంచే చేతులూపి పంపేశాడు.

ఇంట్లో నిజం చెబుదామనుకుంది. కానీ మేనేజరు ఫోను ఆమెకంటే ముందే చేరింది. ఆమె తల్లి, మనవరాలిని చాటుకు లాక్కుని వెనక గది చూపించింది. జ్వరం లేదంటే కూతురు ఒళ్లోకొస్తుంది, కానీ తెల్లారితే మళ్లీ కౌంటరే. లోపలికి పోయి తలుపేసుకుంది. కంచం గుమ్మం దగ్గరికే వచ్చేది. పడుకునే ఉండేది, అయినా అలసట తీరేది కాదు. ఆడింది అబద్ధమే కదా, ఒళ్లెందుకు ఇలా విరుగుతోంది? నుదుటి మీద చెయ్యి పెట్టుకుంటే చల్లగా ఉన్నది నుదురో చెయ్యో తెలిసేది కాదు.

ఒక సాయంత్రం తలుపు అవతల కూతురు, "అమ్మా, తగ్గిందా?" అని అడిగింది.  ఆమె ఏడుపు బయటికి వినబడింది.

తలుపు తోసుకుని తల్లి వచ్చింది. మాస్కు కూడా లేదు. నుదుటి మీద అరచెయ్యి పెట్టింది.

"చల్లగానే ఉందే. మరి ఏడుస్తావెందుకు?"

"అదే తెలీట్లేదమ్మా."

రేపు పనికి పొమ్మనాలో వద్దనాలో తల్లికీ తోచలేదు. చెయ్యి మాత్రం తియ్యలేదు.